రెండు రూపాయలెత్తు, పైన ఒక బేడెత్తు

చింతపండు పులుసుతో ఇత్తడి చెంబులు తోమేది అందరిళ్లల్లో చూసుంటారు, మా ఇంట్లో దాంతో తూటాలు తోమేవాళ్లం. అంటే కాల్చినాక మిగిలే ఖాళీ ఇత్తడి గొట్టాలు, ఒక్కొక్కటి మూడంగుళాల పొడుగు, పిల్లోడి బొటనవేలు పట్టేంత నోరు. ఆ పని నాది. రాత్రి చింతపండు నీళ్లల్లో నానబెట్టి, పొద్దున్నే పీచుతో లోపలా బయటా రుద్ది, వేడినీళ్లతో కడిగి, కడపబండ మీద ఎండకు ఆరబెట్టాల. ఎండ బాగా ఎక్కినాక తాత వచ్చి ఒక్కోదాన్ని కంటికి ఆనించుకోని లోపలికి చూసేవాడు, తడి ఉందనిపిస్తే ఏమీ అనకుండా మళ్లీ బండ మీద పెట్టేసి పోయేవాడు.

ఇది 1960ల మాట. కడప జిల్లా సిద్దవటం దాటినాక లంకమల కొండల కింద మా ఊరు. తాత కంసాలి, బంగారు పనే అసలు పని, దాంతోపాటు తుపాకులు రిపేరు చేసే లైసెన్సు కూడా ఉన్నింది. అప్పట్లో చుట్టుపక్కల పల్లెల్లో చెనక్కాయ చేన్ల కోసరం, అడవిపందుల్ని తోలడానికి లైసెన్సు తుపాకులు చానా ఇళ్లల్లో ఉండేవి, ఎక్కువ పన్నెండు బోరువి, స్ప్రింగు విరిగినా సుత్తి అరిగినా తాత దగ్గరికే తెచ్చేవాళ్లు. అయితే నేను చెప్పాలనుకున్నది వాటి గురించి కాదు, మా ఊరి పెద్దరెడ్డి దగ్గర ఉన్న ఒక పాత ఇంగ్లీషు రైఫిల్ గురించి, దానికి మా తాత నింపిన తూటాల గురించి.

ఎందుకు రాస్తాన్నానంటే, రాయలసీమ అని, తుపాకి అని ఒక్క మాటలో కలిపితే చాలు వినేవాళ్లకు ఫ్యాక్షనే గుర్తొస్తాది. వాళ్ల తప్పేం లేదు, మేమూ ఆ రోజులు చూసినాం. కానీ నాకు తుపాకి అంటే ముందు మా ఇంటి పంచ గుర్తొస్తాది, తిత్తి చప్పుడు, కరిగిన సీసం, త్రాసు ముందర ఊపిరి బిగబట్టుకున్న ఒక ముసలి పనివాడు గుర్తొస్తాడు. అంత నిష్ఠగా పనిచేసిన మనిషిని నేను మళ్లీ చూడలా, ఆయన చేసిన పని గురించి ఎవరూ ఎక్కడా రాయలా.

ఆ రైఫిల్ 500 ఎక్స్‌ప్రెస్. పక్కపక్కన రెండు బ్యారెళ్లు, బర్మింగ్‌హామ్‌లో చేసింది, పెద్దరెడ్డి నాయన ఎవరో దొర వెళ్లిపోతా అమ్మితే కొన్నాడంట. పన్నెండు బోరు అంటే ఒక పౌను సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే అందులో ఒక గుండు ఎంత లావో ఆ బ్యారెల్ రంధ్రం అంత అని లెక్క, ఈ 500 లెక్క అట్ల కాదు, అంగుళంలో సగం, అంతే. అది నల్లమందు, అంటే పొగ వచ్చే పాత రకం తుపాకిమందు, దాని కాలం నాటి తుపాకి. పొగ లేని మందు రాకముందు, 1870లు 80లలో ఇంగ్లండులో ఇట్లాంటి ఎక్స్‌ప్రెస్ రైఫిళ్లు చానా చేసినారు, మన దేశంలో అడవుల్లో దొరలు, జమీందార్లు, ఫారెస్టు ఆఫీసర్లు మోసింది ఇవే. నేను పుట్టకముందే ఆ తూటాలు మా పక్క ఎక్కడ కొందామన్నా లేవు. మద్రాసులో అడిగినా లేవన్నారంట. పెద్దరెడ్డి దగ్గర చివరికి మిగిలింది ఒక పాత డబ్బా, కాల్చి పారేయకుండా దాచిపెట్టిన ఖాళీ గొట్టాలు.

ఆయన ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చోని "ఆచారీ, దీనికి తూటాలు నువ్వు చేయగలవా లేదా చెప్పు, లేకుంటే గోడకు తగిలిస్తా" అన్నాడంట. తాత ఆ రోజు జవాబు చెప్పలేదంట, డబ్బాలో మిగిలిన తూటా ఒకటి అడిగి తీసుకోని దాన్ని విప్పి, అందులో ఏమేముందో వరసగా ఒక తెల్లగుడ్డ మీద పెట్టి చూసుకున్నాడంట. ఇత్తడి గొట్టం, అడుగున కేపు (సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న మూత), నల్లమందు, దాని మీద అట్టబిల్ల, మైనం బిల్ల, పైన కాగితం చుట్టిన సీసపు గుండు. నేను పుట్టకముందు సంగతి ఇది, అవ్వ చెప్పింది. రెండోరోజు పొయ్యి పెద్దరెడ్డితో "చేస్తా రెడ్డీ, కానీ నేను సరే అన్నిందాక నువ్వు తొందరపెట్టగూడదు" అన్నాడంట.

గుండు బరువు కాడనే మొదటి చిక్కు. డబ్బా మీద బరువు గ్రెయిన్లలో ఉండాది, 380 గ్రెయిన్లు. మా ఇంట్లో ఉండేది బంగారం తూచే త్రాసు, తులాలు, గురిగింజలు. ఇక్కడ తాత చేసిన పని నాకు ఇప్పటికీ ఎంత గొప్పగా అనిపిస్తాదో చెప్పలేను. బ్రిటిషోళ్ల తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, వెండి రూపాయి బరువు ఒక తులం, అందుకే పాతకాలం వాళ్లు రూపాయెత్తు అనేది. అంటే పెట్టెలో ఉన్న వెండి రూపాయలే ఆయనకు గ్రెయిన్ల తూకం రాళ్లు. రెండు రూపాయలు పెడితే 360. వెండి బేడ, అంటే రెండణాల బిళ్ల, ఒకటి పెడితే ఇంకో ఇరవై రెండున్నర. రెండు రూపాయలెత్తు పైన ఒక బేడెత్తు, కంపెనీ గుండుకు రెండున్నర గ్రెయిన్లు ఎక్కువ, ఆ తేడా గురిగింజలతో సరిచేసుకున్నాడు. అరిగిన బిళ్లలు పనికిరావని, ఎవరో అవ్వ పెట్టెలో దాచుకున్న, చేతులు మారని రూపాయలు రెండు వెతికి వేరే రూపాయలిచ్చి మార్చుకున్నాడు. అవి ఒక ఎర్రగుడ్డలో మూటగట్టి త్రాసు పెట్టెలోనే ఉండేవి, ఇంట్లో ఎంత కష్టమొచ్చినా వాటిని ఖర్చు పెట్టలా.

గుండ్లు పోసే రోజు ఇంట్లో సందడిగా ఉండేది. సీసం ప్రొద్దుటూరు నుంచి తెచ్చేవాడు, మెత్తటి సీసమే కావాల, అందులో కాస్త తగరం. తగరం మా ఊరికి గిన్నెలకు కళాయి వేయడానికి వచ్చే సాయిబు దగ్గర తీసుకునేవాడు, ఇద్దరూ కూర్చోని లోహాల గురించి ఎంతసేపు మాట్లాడుకునేవాళ్లో. తగరం వేస్తే సీసం అచ్చులో మూలమూలకూ సాఫీగా పారుతాది, గుండు మీద ముడతలు రావు. ఇనుప గరిటెలో సీసం కరిగేటప్పుడు పైన బూడిద తెట్టె కడతాది, చిటికెడు మైనం వేసి కలిపితే గుప్పున మండి తెట్టె వేరవుతాది. అచ్చును ముందు దీపం పొగకు పట్టి లోపల మసి పట్టించేవాడు. అచ్చు వేడెక్కేదాక పోసిన గుండ్లన్నీ ముడతలు పడతాయి, అవి చూడకుండానే మళ్లీ గరిటెలోకి. మరీ కాగిపోతే గుండు పైన తెల్లగా గరుకుగా వస్తాది, అప్పుడు కాసేపు ఆపేవాడు. నేను తిత్తి ఊదేవాణ్ణి. అక్కడ నీళ్ల చెంబు కూడా పెట్టనిచ్చేవాడు కాదు, చెమట తుడుచుకోకుండా గరిటె మీదికి వంగితే కసిరేవాడు, ఎందుకంటే కరిగిన సీసంలో నీటిచుక్క పడితే ఒక్కసారిగా ఆవిరై సీసం మొహాన చిందుతాది. అందుకే మా కడప ఎండల్లో ఈ పని తెల్లారుజామునే.

పోసిన గుండ్లు ఒక్కొక్కటి త్రాసులో పెట్టి, తక్కువ తూగిందంటే లోపల గాలి బుడగ ఉందని అర్థం, పక్కకు. పైకి ఎంత నున్నగా ఉన్నా సరే పక్కకే. మిగిలినవాటిని కమ్మచ్చులో తీగ లాగినట్టు తాను చేసుకున్న ఒక ఉక్కు రింగులో నుంచి తోసేవాడు, అన్నీ ఒకే లావు రావాలని.

కాగితం చుట్టే పని మాత్రం అవ్వది. ఇది చెప్పకపోతే ఆవిడకు అన్యాయం చేసినట్టే. ఆ కాలపు ఎక్స్‌ప్రెస్ గుండుకు చుట్టూ కాగితం ఉంటాది, మెత్తటి సీసం బ్యారెల్ లోపలి గీతలకు అంటుకోకుండా. పల్చటి టైపు కాగితం, కరణం కచేరీ నుంచి తెచ్చేవాళ్లు. దాన్ని ఏటవాలుగా కత్తిరించి, తడిపి, గుండు చుట్టూ సరిగ్గా రెండు చుట్లు చుట్టాల, మొదలూ చివరా ఒకదానిమీద ఒకటి ఎక్కగూడదు, మధ్యలో సందూ ఉండగూడదు. అడుగున మిగిలిన కాగితాన్ని మెలిపెట్టి మడవాల. ఆరేటప్పుడు కాగితం బిగుసుకోని గుండును పట్టేస్తాది. తాత వేళ్లు ఆ పనికి రాలేదు, కొలిమి దగ్గర కాలి కాలి మొద్దుబారిపోయినాయి. అవ్వ రోజూ దీపానికి వత్తులు చేసే చెయ్యి, ఒక గుండు ఎత్తుకుంటే చుట్టేసి పెట్టేది, మాట్లాడతానే. పెద్దరెడ్డికి ఈ సంగతి తెలుసు, కొండలో చిరుత పడిందని ఊర్లో అందరూ ఆయన్ను పొగుడుతాంటే "గుండు చుట్టింది ఆచారమ్మ" అని అందరి ముందరా అన్నాడని అవ్వ బతికున్నన్నాళ్లూ చెప్పుకునింది. (ఆ రోజుల్లో చిరుత మేకల దొడ్లలోకి దూకేది, గొర్రెల కాపర్లు వచ్చి పెద్దరెడ్డి కాళ్లు పట్టుకునేవాళ్లు.)

మైనం లంకమలలో తేనె తీసే యానాదులు తెచ్చి ఇచ్చేవాళ్లు. దాన్ని మేక కొవ్వుతో కలిపి కరగబెట్టి పలకగా పోసి బిల్లలు కోసేవాడు, ఆ బిల్ల గుండు కింద ఉంటే నల్లమందు మసి మెత్తగా ఉండి తుడవడానికి వస్తాది.

కేపుల సంగతి పెద్ద తలనొప్పి. ఇంగ్లీషు గొట్టాల్లో కేపు కింద మధ్యలో చిన్న మొటిక లాంటిది గొట్టానికే ఉంటాది, దానికి అటూ ఇటూ సన్న చిల్లులు. కాల్చిన కేపును లోపలి నుంచి పుల్లతో తోసేయడానికి కుదరదు, వెనక నుంచి వంకర ముల్లుతో పీకాల, మొటిక చెడకుండా. ఈ పద్ధతి పేరు బెర్డాన్, కనిపెట్టినాయన అమెరికా వాడు, కానీ ఎక్కువగా వాడింది ఇంగ్లండు, యూరపు. మధ్యలో ఒకే చిల్లు ఉండే బాక్సర్ పద్ధతి కనిపెట్టింది ఇంగ్లీషాయన, దాన్ని అమెరికావాళ్లు తీసుకున్నారు. పెద్దయినాక ఇది చదివినప్పుడు తాత లేడే చెప్పడానికి అని చానా బాధపడినా, ఆయనకు ఇట్లాంటివి భలే ఇష్టం. కేపులు, మందు పెద్దరెడ్డి లైసెన్సు మీద టౌన్లో తుపాకుల అంగడి నుంచి వచ్చేవి, ఎన్ని తెచ్చింది ఎన్ని వాడింది తాత ఒక నోటుపుస్తకంలో రాసేవాడు, ఆయన వెళ్లేదాకా ఆ లెక్క తప్పలా.

కొన్నిసార్లు కాల్చేసరికి ఇత్తడి నోటి కాడ గట్టిపడి పగుళ్లు వస్తాయి. దానికి ఒక వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి గొట్టాలు నిలబెట్టి, నీళ్ల పైనున్న నోటిని ఊదుగొట్టంతో కాల్చి, రంగు మారంగానే నీళ్లలోకి పడదోసేవాడు. ఉక్కైతే ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే గట్టిపడుతుంది, ఇత్తడి అట్ల కాదు, మెత్తబడుతుంది. కంసాలికి ఇది ఒకరు నేర్పే పని లేదు.

మందు పోసే గదిలోకి మమ్మల్ని రానిచ్చేవాడు కాదు. తలుపు దగ్గర కూర్చోని చూడొచ్చు. పగటి వెలుతురులోనే చేసేవాడు, దీపం లేదు, బీడీ లేదు, ఆ రోజు పొయ్యి కూడా ఆ పక్క వెలిగించేది లేదు. ఒకసారి పెద్దరెడ్డి బంధువు ఒకాయన కర్నూలు నుంచి వచ్చి, పొగరాని కొత్త మందు డబ్బా చూపించి, ఇది పోస్తే గుండు ఇంకా గట్టిగా పోతాది, పొగ కూడా ఉండదు, ఎందుకు ఆచారీ ఈ పాత మసి అన్నాడు. తాత రైఫిల్ విప్పి బ్యారెళ్ల అడుగున కిరీటం గుర్తుతో ఉన్న ఇంగ్లండు పరీక్ష ముద్రలు చూపించినాడు. "ఇది నల్లమందుకని పరీక్ష చేసిన బ్యారెలు. ఆ మందు పోస్తే పగిలేది బ్యారెల్ ఒకటే కాదు, రెడ్డి చెయ్యి, మొహం. నా చేత్తో నేను పొయ్యను" అన్నాడు. ఆయన ఇంకా ఏదో అనబోతే పెద్దరెడ్డే ఆపినాడు. నల్లమందు తుపాకిలో పొగలేని మందు వాడి బ్యారెళ్లు పగలడం లోకమంతా జరిగిన సంగతే, కానీ మా పల్లెలో కూర్చున్న ఒక కంసాలికి ఆ ముద్రలు చదవాలని తెలియడం, చదివి అతిథి ముందర గట్టిగా చెప్పడం, అది నాకు ఈ రోజుకీ గర్వమే.

ఇంకో రకం వాళ్లు కూడా వచ్చేవాళ్లు, రాత్రిపూట. వాళ్లకు ఏం కావాలో తాతకు తెలుసు. తలుపు తీయకుండానే పంపించేసేవాడు. దాని గురించి ఇంతకంటే రాయను.

అన్నిటికన్నా కష్టమైన పని ఏందంటే రెండు బ్యారెళ్లూ ఒకే చోట కొట్టేట్టు చేయడం. జోడు రైఫిల్‌లో బ్యారెళ్లు చూడ్డానికి సమానంగా ఉన్నట్టు ఉంటాయి కానీ ముందు కొసలో కొంచెం దగ్గరికి వంచి అతికిస్తారు, ఎందుకంటే కుడి బ్యారెల్ కాల్చినప్పుడు తుపాకి కుడికి తన్నుకుంటాది, ఎడమది ఎడమకి. ఒక ఫలానా మందు, ఫలానా గుండు పెట్టి కాల్చి చూసి చూసి, రెండు గుండ్లూ ఒకే చోట పడేదాకా కంపెనీలో మనిషి ఆ అతుకు సరిచేస్తాడు. అంటే ఆ తుపాకి పుట్టుకే ఒక తూటాకు కట్టుబడి ఉంటాది. తూటా మారితే రెండు బ్యారెళ్లూ రెండు దారులు పడతాయి. గుండు నెమ్మదిగా పోతే బ్యారెల్లో ఉండగానే తుపాకి ఎక్కువ తన్నుకోని రెండూ ఎడం పడతాయి, వేగంగా పోతే దాటుకోని కుడిది ఎడమకి ఎడమది కుడికి పడతాయి.

ఎండాకాలంలో చెరువు ఎండిపోయినాక కట్ట కింద పరీక్ష. కట్ట మట్టికి పాత న్యూసు పేపరు మేకులు కొట్టి, మధ్యలో బొగ్గుతో గుండ్రంగా దిద్ది, యాభై గజాల దూరం అడుగులతో కొలిచి, పెద్దరెడ్డి కూర్చోని కాల్చేవాడు. పశువుల్ని తోలేసి, కట్ట మీదా వెనకా ఎవరూ లేరని చూసి రావడానికి ముందే మనిషిని పంపేవాళ్లు. ఆ చప్పుడు పన్నెండు బోరు చప్పుడు కాదు, ఛాతీలో తగిలేది. తెల్లటి పొగ గుట్టగా లేచి గంధకం వాసన, కొంతసేపు ముందర ఏమీ కనపడదు. పొగ పోంగానే మేము పేపరు కాడికి పరుగు. తాత మాత్రం మెల్లగా నడిచొచ్చి రెండు చిల్లుల మధ్య జానతో కొలిచేవాడు. మొదటి వేసవిలో ఒక జానెడు ఎడం ఉన్నిందంట. తాత ఒకసారికి ఒక్కటే మార్చేవాడు, అట్టబిల్ల మందం మార్చితే ఇంకేమీ ముట్టడు, ఏది మార్చినాడో ఎంత ఎడం వచ్చిందో పుస్తకంలో రాసుకునేవాడు. మందు కొలవడానికి ఇత్తడితో చిన్న గిన్నె చేసుకోని దాని అంచు ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీస్తా పోయినాడు. నేను చూసే వయసుకు ఆ రెండు చిల్లులూ నా అరచేతి కింద దాక్కునేంత దగ్గరికి వచ్చినాయి. పెద్దరెడ్డి ఆ పేపరు మడతపెట్టి జేబులో పెట్టుకోని పొయినాడు, ఇంట్లో అందరికీ చూపించడానికి.

తాత ఎప్పుడూ ఆ రైఫిల్‌తో ఒక్క గుండు కూడా కాల్చలా. పెద్దరెడ్డి ఇస్తే వద్దనేవాడు. వేటమాంసం మా ఇంట్లో ఎవరూ ముట్టరు కూడా. మరి ఎందుకు అంత పడిచచ్చినాడంటే, పని వచ్చింది కాబట్టి, తూటా సరిగా లేకపోతే గాయపడిన చిరుత వెనకాల పొదల్లోకి పొయ్యేది పెద్దరెడ్డి ఒక్కడే కాదు, తోడు పోయిన కాపరి పిల్లోళ్లు కూడా కాబట్టి. ఈ మాట ఆయనే అవ్వతో అంటాంటే విన్నా.

1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది. పెద్దరెడ్డి వేట మానేసినాడు, తాతకు అది సంతోషమే అయ్యింది. నాకూ ఆ చట్టం వచ్చింది మంచికే అనిపిస్తాది. ఒకప్పుడు రాత్రి టార్చిలైట్లు పట్టుకోని వేటగాళ్లు తిరిగిన అదే లంకమల పొదల్లో, 1900 తర్వాత ఎవరికీ కనపడని కలివికోడి 1986 జనవరిలో మళ్లీ దొరికింది, అది కూడా రాత్రిపూట టార్చిలైటు వెలుగులో మా పక్క వేటగాడి చేతికే. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు వచ్చి ధ్రువపరిచినారు, తర్వాత ఆ అడవి అభయారణ్యమయ్యింది. అడవి తెలిసిన వేటగాడు లేకుంటే ఆ పిట్ట సంగతి అప్పుడు తెలిసేది కాదు, ఇది కూడా చెప్పుకోవాల.

తాత 1970ల చివర్లో పోయినాడు. పెద్దరెడ్డి ఆ తర్వాత కొన్నేళ్లకు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా రైఫిల్ పోలీసుస్టేషన్లో డిపాజిట్ చేసి తెచ్చుకోవడం, ఆ తిరుగుడు పడలేక వాళ్ల కొడుకు చివరికి రైఫిలూ మిగిలిన తూటాలూ అన్నీ అప్పజెప్పేసినాడు. మొన్న ప్రొద్దుటూరులో ఒక పెండ్లిలో ఆయన కలిసి ఆ రోజు సంగతి చెప్పినాడు. స్టేషన్లో తూటాలు లెక్కబెట్టి రాసుకునే ఆయన ఒకటి చేతిలో తిప్పి చూసి, ఇవి ఏ కంపెనీవి సార్, పేరు రాయాల అన్నాడంట. "మా ఊరి ఆచారివి" అని చెప్పినాడంట, రాసుకునే ఆయన నమ్మలేదంట.

త్రాసు పెట్టె మా చిన్నాయన కొడుకు దగ్గర ఉండాది, రూపాయలు రెండూ బేడా అందులోనే ఉన్నాయంట. గుండ్ల అచ్చు, ఉక్కు రింగు మా పాత ఇంటి అటకమీద ఉండొచ్చు అన్నాడు. నోటుపుస్తకం మాత్రం ఎవరింట్లో ఉందో ఇంకా కనుక్కోవాల, అది దొరికితే అందులో తాత వేసుకున్న చెరువుకట్ట లెక్కలు తేదీలతో సహా ఒకచోట ఎత్తి రాద్దామని ఉండాది. వచ్చే సంక్రాంతికి ఊరికి పోతాన్నాం, అటక దించి చూస్తాం.